రాణి కుడి భుజం

ఎప్పుడూ ఒకే చప్పుడు వచ్చేది. ఆ ఆదివారం రెండు వచ్చాయి.

రాణి గ్రౌండ్ పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంది. చేతులు రెండూ తల వెనక పెట్టుకుంది. నేను వెనక నిలబడి, మోకాలు తన వీపుకి ఆనించి, రెండు మోచేతులూ పట్టుకుని నా వైపుకి లాగుతున్నాను. నాలుగేళ్లుగా ప్రతి మ్యాచ్‌కి ముందు చేసే పనే. కుడి భుజంలో టక్ మనాలి, నేను వదిలేయాలి, జట్టంతా ఒక్కసారి చప్పట్లు కొట్టాలి. ఆ రోజు ఎంత లాగినా రాలేదు. సరిగ్గా సెలెక్షన్ రోజునే రాకపోవడమేమిటని నాకు విసుగొచ్చింది. నాకు విసుగు తొందరగా వస్తుంది. పళ్లు బిగబట్టి ఇంకాస్త గట్టిగా లాగాను.

అప్పుడు వచ్చింది. టక్ మని కాదు. వంటింట్లో కోడి తొడని కీలు దగ్గర విరిచినప్పుడు వస్తుందే, అలాంటి చప్పుడు. నా వేళ్ల కింద భుజం గుండు ముందుకి పొడుచుకొచ్చింది. బెదిరిపోయి వదిలేశాను. వదలగానే రెండోది వచ్చింది, మొదటిదానికన్నా పెద్దగా.

జట్టు చప్పట్లు కొట్టింది. రెండు చప్పుళ్లు వచ్చాయని రెండుసార్లు కొట్టారు.

రాణి అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. పెదవులు తెల్లబడ్డాయి. కుడిచెయ్యి ఒళ్లో పడేసుకుని, అదేదో పక్కవాళ్ల చెయ్యి అయినట్టు దాన్నే చూస్తోంది.

"ఏమైందే?" అన్నాను చెవిలో.

"ఏం గాలే అక్కా. ఇయ్యాల ముడి మస్తుగ ఇప్పినవ్," అని నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఆ చెయ్యి పట్టుకుని చూశాను. ఫిబ్రవరి ఎండ పొద్దున్నే మాడుస్తోంది, తన చెయ్యి మాత్రం చల్లగా ఉంది. చుట్టూ ఎవరైనా గమనించారేమోనని చూశాను. ఎందుకంటే, ఆ భుజాన్ని అలా లాగకూడదని జట్టు మొత్తంలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

మాది ఆడపిల్లల బేస్‌బాల్ జట్టు. ఉప్పల్‌లో ఈ మాట ఎవరికి చెప్పినా ఒకటే ప్రశ్న, "క్రికెట్టా?" అని. పెద్ద స్టేడియం దీపస్తంభాలు ఎటు చూసినా కనిపిస్తుంటే పాపం వాళ్ల తప్పేముంది. అయినా నాకు ఒళ్లు మండుతుంది. "కాదండీ, గోళీలాట," అంటాను. మా గ్రౌండ్ నాచారంలో రెండు ఫ్యాక్టరీ గోడల మధ్య ఉంటుంది. గాలి ఇటు వీస్తే మందుల వాసన, అటు వీస్తే రబ్బరు వాసన.

నా పేరు గీతిక. మా నాన్న గోపాలరావు గారు తణుకు నుంచి ఉద్యోగం మీద వచ్చి నాచారంలోనే ఉండిపోయారు. నేను హబ్సిగూడలో ఒక కళ్లజోళ్ల షాపులో పని చేస్తాను. జట్టులో క్యాచర్‌ని. అంటే బ్యాటు పట్టుకున్న అమ్మాయి వెనక, ముఖానికి మాస్కు తగిలించుకుని, గొంతుకూర్చుని బంతి పట్టేదాన్ని. బంతి విసిరేది పిచర్, మా రాణి. నాకన్నా మూడేళ్లు చిన్నది. చెంగిచెర్ల నుంచి బస్సులో వస్తుంది. నాచారంలోనే మందుల డబ్బాలు ప్యాక్ చేసే చోట షిఫ్టు పని. పొద్దంతా ఆ కుడిచేత్తోనే అట్టపెట్టెలు ఎత్తి పేర్చేది, సాయంత్రం అదే చేత్తో బంతి విసిరేది.

ఆ చెయ్యి వెనక్కి వంగినంతగా మాలో ఎవరి చెయ్యీ వంగదు. మోచెయ్యి భుజమంత ఎత్తున పెట్టి వెనక్కి వాల్చిందంటే మణికట్టు తల దాటి ఎక్కడికో పోయేది. కొత్తగా చూసినవాళ్లు నోళ్లు తెరిచేవాళ్లు. "ఎముకలు లేవే నీకు?" అనేవాళ్లు. మా కోచ్ ఉమామహేశ్వర్ సార్‌కి అది చూపించడమంటే సరదా. ఎవరు గ్రౌండ్‌కి వచ్చినా రాణిని పిలిచి చెయ్యి వంచి చూపించమనేవారు. ఎంత వంగితే అంత వేగమని ఆయన నమ్మకం. మా నమ్మకం కూడా అదే.

సార్ ఒకప్పుడు ఈటె విసిరేవారట. ఇప్పుడు పగలు ఫ్యాక్టరీలో ఉద్యోగం, సాయంత్రం మాకు ఊరికే ఆట నేర్పడం. మనిషి బంగారం. కానీ ఆయనకో సిద్ధాంతం ఉంది. విసిరే భుజంలో ముడి ఉంటుంది, మ్యాచ్‌కి ముందు ఆ ముడి విప్పాలి, అది కూడా బంతి పట్టే క్యాచరే విప్పాలి. "ఎవరు పట్టుకుంటరో ఆళ్లే ఇప్పాలె బిడ్డా. ఇంకోళ్లు ముట్టొద్దు," అనేవారు. దాంతో మా జట్టులో అదొక ఆచారమైపోయింది. రాణి కూర్చునేది, నేను లాగేదాన్ని, టక్ మనేది, అందరూ చప్పట్లు కొట్టేవాళ్లు. అది మోగనిదే రాణి బంతి ముట్టుకునేది కాదు.

వానాకాలంలో ఒకసారి బిందుమాధవి గారని ఒక ఫిజియోథెరపిస్టు మా గ్రౌండ్‌కి వచ్చారు. ఎవరో తెలిసినవాళ్లు చెబితే గంటసేపు ఉచితంగా అందరి భుజాలూ చూస్తానన్నారు. సార్ ఆ రోజు ఫ్యాక్టరీలో ఇరుక్కుపోయారు. బిందుమాధవి గారు రాణిని చాప మీద పడుకోబెట్టి, మోచెయ్యి మడిచి, అరచేతిని తల వైపుకి వాల్చారు. నేలకి తగిలింది. తర్వాత అదే చేతిని పాదాల వైపుకి వాల్చారు. సగం దూరం కూడా పోలేదు, కొయ్యలా ఆగిపోయింది. ఆవిడ ముఖంలో రంగు మారింది. ఈలోగా రాణికి రెండో షిఫ్టు టైమైంది, బ్యాగు తగిలించుకుని పరుగెత్తింది.

"నువ్వు క్యాచర్‌వి కదా, నువ్వు చెప్పమ్మా తనకి," అన్నారు బిందుమాధవి గారు. "విసిరి విసిరి భుజం ముందు భాగం ఇప్పటికే సాగిపోయింది. ఇంక వెనక్కి లాగితే కీలు జారుతుంది. బిగుసుకుపోయింది వెనక భాగం. సాగదీయాల్సింది దాన్ని. కుడివైపు పడుకుని, మోచెయ్యి మడిచి, ఎడంచేత్తో మణికట్టుని మెల్లగా కిందికి నొక్కాలి. అరనిమిషం చాలు. వేరేవాళ్ల సాయం అక్కర్లేదు. ఎక్కడ ఆపాలో తనకే తెలుస్తుంది."

సరేనండీ అన్నాను. ఆవిడ నంబరు కూడా ఫోన్లో దాచుకున్నాను. రాణికి మాత్రం చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో అప్పట్లో నాకు నేనే రకరకాలుగా చెప్పుకున్నాను. సార్ బాధపడతారని, గంటసేపు చూసిన ఆవిడకేం తెలుసని, ఇన్నేళ్లలో ఏమైందని. అన్నీ సాకులే. అసలు సంగతి వేరే, అది తర్వాత నోటితో చెప్పాల్సివచ్చింది.

ఇక ఆ ఆదివారం. ఇద్దరు సెలెక్టర్లు వచ్చి ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. వాళ్లలో పెద్దాయన అచ్యుతరావు గారు. మమ్మల్ని రెండు జట్లుగా చేసి ఆడిస్తారు, బాగా ఆడినవాళ్లు రాష్ట్ర జట్టులోకి వెళ్తారు. పోయినేడాది రాణికి సెలవు దొరక్క రాలేకపోయింది. ఈసారి సూపర్‌వైజర్ని నెలరోజులు బతిమాలుకుని వచ్చింది.

నేను మాస్కు వేసుకుని కూర్చున్నాను. రాణి పద్దెనిమిది మీటర్ల అవతల మట్టిదిబ్బ మీద నిలబడింది. ఆటకి ముందు ఊరికే విసిరే నాలుగు బంతులూ ఎలాగో నడిచాయి. నా గ్లవ్‌లోకి వచ్చిన బంతికి ఎప్పుడూ ఒక దెబ్బ ఉంటుంది, అరచెయ్యి చురుక్కుమంటుంది. ఆ రోజు అది లేదు. రాణి బంతి నా చేతికి నొప్పి పుట్టించకపోవడం అదే మొదలు.

ఏ బంతి వెయ్యాలో కాళ్ల మధ్య వేళ్లు చూపించి నేనే చెప్తాను. నెమ్మది బంతి అడిగాను. రాణి వేసింది. మళ్లీ నెమ్మది బంతి. వేసింది. మూడోసారీ అదే అడిగితే తల అడ్డంగా ఊపింది. ఎదురుగా బ్యాటు పట్టుకున్నది స్వర్ణలత, నెమ్మది బంతి దొరికితే గోడ అవతల పడేసే మనిషి. సెలెక్టర్లు చూస్తున్నారు. రాణి వేగంగా వెయ్యడానికే చెయ్యి వెనక్కి తీసింది. నేను బంతిని చూడడం మానేసి భుజాన్ని చూస్తున్నాను. అది ఇప్పుడే ఊడి కిందపడుతుందేమోనన్నంత భయంగా చూస్తున్నాను.

బంతి చేతిలోంచి జారింది. తిన్నగా స్వర్ణలత తల మీదికి వచ్చింది. స్వర్ణలత వెల్లకిలా పడిపోయింది, నేను ఎగిరి గ్లవ్ అడ్డం పెట్టాను. గ్లవ్ అంచుకి తగిలి హెల్మెట్ పక్కనుంచి పోయింది.

"సంపుతవా ఏందే?" అని స్వర్ణలత దుమ్ము దులుపుకుంటూ లేచింది. అది నవ్వుతోంది కూడా. నాకు మాత్రం చెమటతో మాస్కు లోపల కళ్లు కనపడడం లేదు.

టైమ్ అడిగి రాణి దగ్గరికి పరుగెత్తాను. ఇద్దరం గ్లవ్‌లు నోటికి అడ్డం పెట్టుకున్నాం.

"ఏమవుతోందే? నిజం చెప్పు."

"వేళ్లు తెలుస్తలెవ్ అక్కా," అంది. "బంతి పట్టుకున్ననో లేదో సూసుకోవాల్సొస్తుంది."

"సార్‌కి చెప్దాం పద."

"జెప్తే నీ మీద ఒట్టు. మళ్ల సెలవు ఇయ్యరు నాకు. ఇదొక్కసారి కానియ్యి, జర."

సార్‌కి చెప్పాలి. నాకు తెలుసు. కానీ చెప్తే ఎందుకయిందని అడుగుతారు. ఎందుకయిందో అడిగితే నేను చెప్పాలి. ఆ భయంతో వెనక్కి వచ్చి మళ్లీ గొంతుకూర్చున్నాను. ఇంతకన్నా సిగ్గుపడాల్సిన పని నా జన్మలో నేను చెయ్యలేదు. అవతల ఒక పిల్ల చెయ్యి పోతోంది, ఇవతల నేను నా పరువు కాపాడుకుంటున్నాను.

ఆ ఇన్నింగ్స్ ఎలా అయిందో నాకు గుర్తులేదు. రాణి ప్రతి బంతి తర్వాతా వేళ్లు ప్యాంటుకి రుద్దుకోవడం ఒకటే గుర్తుంది. మూడో అమ్మాయి ఔటవగానే మేం బయటికి వచ్చాం. మా జట్టు బ్యాటింగ్‌కి వెళ్లింది. రాణి నన్ను రేకుల షెడ్డు వెనక్కి తీసుకెళ్లింది, అక్కడ నీళ్ల డ్రమ్ములు ఉంటాయి.

"ఇంకోసారి లాగక్కా," అంది.

నాకు అర్థం కాలేదు. "ఏంటీ?"

"ముడి సక్కగ ఇప్పలే. రెండుసార్లు మోగింది గద, ఇప్పి మళ్ల బిగిసినట్టుంది. ఈసారి గట్టిగ లాగు. తిమ్మిరి పోతది."

నేను ఏదో అనేలోపే కింద కూర్చుంది. నా వైపు వీపు తిప్పింది. ఎడంచెయ్యి తల వెనక పెట్టుకుంది. కుడిచెయ్యి పైకి రాలేదు. మళ్లీ ఎడంచెయ్యి దించి, దాంతో కుడిచేతిని మణికట్టు దగ్గర పట్టుకుని, ఏదో సామాను ఎత్తినట్టు ఎత్తి తల వెనక పెట్టుకుంది.

"కానియ్యక్కా. ఇసిరే వంతు మళ్ల వస్తది."

అబద్ధం ఎందుకు చెప్పాలి, నేను పట్టుకున్నాను. మోకాలు ఆనించాను. మోచేతుల కింద నా చేతులు పెట్టాను. కొంచెం లాగినట్టు చేసి, అయిపోయింది పో అంటే సరిపోతుందనిపించింది. రాణి ఊరుకుంటుంది, మ్యాచ్ అయిపోతుంది, నేను ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. అంతలో నా అరచేతి కింద ఆ భుజం గుండు కదిలింది. నేనింకా లాగలేదు. నా చేతుల బరువుకే అది ముందుకి జరిగింది, వదులుగా, పట్టు లేకుండా. చేతులు తీసేశాను.

"లాగకూడదే," అన్నాను. "అసలు ఎప్పుడూ లాగకూడదు. వెనక్కి లాగితే కీలు జారుతుందట. బిందుమాధవి గారు చెప్పారు."

రాణి ఇటు తిరిగింది. "ఎప్పుడు జెప్పింది?"

"వానాకాలంలో. నువ్వు షిఫ్టుకి పరుగెత్తావే, ఆ రోజు. నీకు చెప్పమని నాకు చెప్పారు."

"మరి జెప్పలేదేంది?"

నేను వంగి కాలి తొడుగు పట్టీ సర్దుకున్నాను.

"అప్పటి సంది ఎన్ని మ్యాచ్‌లు ఆడినం?"

"పదకొండు."

"పదకొండు సార్లు లాగినవా? ఎరుక ఉండి?"

కోప్పడినా బాగుండేది. లెక్క సరిచూసుకుంటున్నట్టు మెల్లగా అడుగుతోంది. "ఎందుకక్కా?"

"ఆవిడ చెప్పినట్టు చేస్తే నేనక్కర్లేదు," అన్నాను. "నీ అంతట నువ్వే పడుకుని చేసుకోవచ్చు. నేను వెనక నిలబడక్కర్లేదు. నువ్వు విసిరితే అందరూ నీ పేరు అరుస్తారు. నేను ముఖానికి జాలీ కట్టుకుని కూర్చుంటాను. ఆ లాగేటప్పుడు ఒక్కటే అందరూ నన్ను చూసేది. అందుకని చెప్పలేదు."

ఇంత చిన్న కారణానికి ఇంత పని చేశానా అని చెప్తుంటేనే నాకు ఏడుపు ముంచుకొచ్చింది. రాణి నా ముఖం చూస్తూనే ఉంది. ఏదో అనబోయి పెదవి కదిపింది.

అప్పుడు సార్ వచ్చారు.

"ఏం నడుస్తుంది ఈడ? రాణీ, బంతిల జోరు లేదేంది ఇయ్యాల?" మా ఇద్దరినీ చూశారు. రాణి కూర్చున్న తీరు చూశారు. "ముడి బిగిసిందా మళ్ల? గీతిక, నీతోని అయితలేదా? జరుగు, ఇయ్యాల నేను ఇప్పుత."

ఆయన చేతులు ఎలా ఉంటాయో మీకు చెప్పాలి. ఈటె విసిరిన చేతులు. డ్రమ్ము నిండా నీళ్లుంటే ఒక్కచేత్తో పక్కకి జరుపుతారు. ఆ చేతులతో ఎంతో ప్రేమగా, ఫికర్ చెయ్యకు బిడ్డా అంటూ, రాణి వెనక్కి వెళ్లి మోకాలు పెట్టారు. కుడి మోచెయ్యి పట్టుకున్నారు.

రాణి కదల్లేదు. భయంతో కొయ్యబారిపోయింది. చూపు సార్ వైపు లేదు, నా వైపే ఉంది.

"సార్, వద్దు!" అన్నాను.

"నీకెరుక లేదు, ఊకో. ఇరవై ఏండ్ల సంది జేస్తున్న."

ఆయన భుజాలు బిగుసుకోవడం కనిపించింది. ఇంకొక్క క్షణం. నేను ఒంటి మీద ఛాతీ కవచంతో, కాళ్లకి గట్టి తొడుగులతో, ఉన్నదాన్ని ఉన్నట్టే వెళ్లి ఆయన్ని గుద్దేశాను. ఇద్దరం డ్రమ్ము మీద పడ్డాం. డ్రమ్ము దొర్లి నీళ్లన్నీ మట్టిలో పోయాయి. నాకు ఆటలో తల్లీ తండ్రీ లాంటి మనిషిని బురదలో పడేసి, "ముట్టుకోకండి దాన్ని! ఎవరూ ముట్టుకోకండి!" అని పిచ్చిదానిలా అరుస్తున్నాను.

అందరూ వచ్చేశారు. సెలెక్టర్లు కుర్చీల్లోంచి లేచి వచ్చారు. సార్ బురద తుడుచుకోవడం కూడా మర్చిపోయి నన్నే చూస్తున్నారు.

"ఏమిటమ్మా ఇది?" అన్నారు అచ్యుతరావు గారు.

"రాణి భుజం కీలు జారిందండీ. పొద్దున నేనే జార్చాను. లాగకూడదని తెలిసి లాగాను," అన్నాను. ఒక్కసారి మొదలుపెట్టాక ఆపలేకపోయాను. అందరి ముందూ మొత్తం చెప్పేశాను.

రాణి లేచి నిలబడింది. "అబద్ధం సార్. నాకేం గాలే. నేను ఇసురుత," అంది. నమ్మించడానికి కుడిచెయ్యి పైకెత్తింది. చెయ్యి ఛాతీ దాకా వచ్చి ఆగిపోయింది. ముఖం ఎర్రబడేంతగా బలం పెట్టింది. చెయ్యి గాలిలో వణికింది, వేళ్లు రెండు ముడుచుకుపోయాయి, ఇంక పైకి రాలేదు. పాతికమంది చూస్తూ నిలబడ్డారు. తన చెయ్యి తన మాట వినడం లేదని రాణికి అప్పుడు తెలిసింది. అప్పుడు ఏడ్చింది.

బిందుమాధవి గారికి ఫోన్ చేశాను. రెండుసార్లు తప్పు నంబరు నొక్కాను. చేతిని అసలు కదపొద్దని, మోచెయ్యి మడిచి చున్నీతో ఛాతీకి కట్టేయమని, తను వస్తానని ఉప్పల్‌లో ఒక ఆసుపత్రి పేరు చెప్పారు. ఆటోలో సార్ ముందు డ్రైవర్ పక్కన కూర్చున్నారు. నేనూ రాణీ వెనక. రింగ్ రోడ్డు దాకా గుంతలే. ప్రతి గుంతకీ రాణి కళ్లు మూసుకునేది, నేను దేవుళ్లందరికీ దండం పెట్టుకునేదాన్ని. రేపటి నుంచి అట్టపెట్టె ఎత్తలేకపోతే? జడ వేసుకోలేకపోతే? ఆ చెయ్యి ఎప్పటికీ అలా వేలాడుతూనే ఉంటే? ఒకసారి పడిపోకుండా పట్టుకోబోయాను. రాణి జరిగి ఆటో కమ్మీని ఆనుకుంది.

స్కాన్ తీశారు. మొదటి చప్పుడు కీలు జారినప్పటిదట, రెండోది మళ్లీ చోటికి వచ్చినప్పటిది. జారినప్పుడు నరం ఒత్తుకుపోయి చెయ్యి మొద్దుబారింది. కీలుని పట్టి ఉంచే అంచు ముందువైపు కొంచెం చిరిగింది. "ఇంకొక్కసారి వెనక్కి లాగి ఉంటే మొత్తం చిరిగేది," అన్నాడు డాక్టరు, బల్ల మీది కాగితం వైపు చూస్తూ. ఆపరేషన్ ఇప్పటికి అక్కర్లేదన్నాడు. ఆరు వారాలు చెయ్యి కట్టుకునే ఉండాలి, తర్వాత నెలల తరబడి వ్యాయామం. మళ్లీ విసరగలదా అని అడిగాను. విసరొచ్చు అన్నాడు. ముందున్నంత వేగంగానా అని అడిగాను. ఆయన కాగితం మడిచి నా చేతికిచ్చాడు.

సార్ వరండాలో గోడకి ఆనుకుని కూర్చున్నారు. "ఎందరి భుజాలు లాగిన్నో బిడ్డా," అన్నారు. ఆ రాత్రే ఆయన పాత ఆటగాళ్లందరికీ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి భుజమెలా ఉందని అడిగారని తర్వాత తెలిసింది. నన్ను ఆయన ఒక్క మాట అనలేదు. సెలెక్టర్లు మాత్రం కోచ్ మీద చెయ్యి చేసుకున్నదాన్ని జట్టులోకి తీసుకోలేమన్నారు. తీసుకోకపోవడమే న్యాయం. అయినా బాధేసింది, అది కూడా దాచను.

రాణి రెండు నెలలు నా ఫోన్ ఎత్తలేదు. ఏప్రిల్‌లో వాళ్లమ్మ దుర్గమ్మ గారు ఫోన్ చేశారు. బిందుమాధవి గారి దగ్గరికి వారానికి రెండుసార్లు తీసుకుపోవాలి, తనకి పని మానడం కుదరడం లేదు, "నువ్వు తోల్కపోతవా బిడ్డా?" అని. నేను చేసింది ఆవిడకి తెలుసు. తెలిసే అడిగారు. ఎగురుకుంటూ వెళ్లాను.

చెంగిచెర్లలో వాళ్లది ఒక సందు చివర రెండు గదుల ఇల్లు. రాణి గోడకి వీపు ఆనించి మంచం మీద కూర్చుంది. చెయ్యి కట్టు తీసేశారు. కుడి భుజం ఎడమదానికన్నా సన్నబడిపోయి ఉంది. వేళ్లలో తిమ్మిరి పోయిందట. చెయ్యి ఇప్పుడు తల దాకా లేస్తుంది, లేపి చూపించింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. చెయ్యి పోలేదు. ఆటో గుంతల్లో నేను కోరుకున్నది అంతే. పనిలో కూడా ఎత్తే చోటు నుంచి మార్చి లేబుళ్లు చూసే చోట కూర్చోబెట్టారని చెప్పింది. కొంచెం నవ్వింది కూడా. నేను లోలోపల చాలా పొంగిపోయాను. అంతా సర్దుకుంటోంది, ఇంక కొన్నాళ్లకి పాతరోజులు వచ్చేస్తాయని ఎక్కడిదాకానో వెళ్లిపోయాను.

"పోదాం పా," అని లేచి చెప్పులేసుకుంది. గుమ్మం ఇరుకు, ఒక్కళ్లే పడతారు. రాణి ముందు గుమ్మంలోకి అడుగుపెట్టింది. నేను అలవాటుగా తన వెనకే లేచి నిలబడ్డాను.

నా చెప్పుల చప్పుడు వినగానే రాణి గిర్రున తిరిగింది. వీపు తలుపు చెక్కకి కొట్టుకుంది. ఎడంచెయ్యి ఎగిరి కుడి భుజం మీదికి వచ్చి గట్టిగా పట్టుకుంది. ఊపిరి ఆడనట్టు రొప్పుతోంది. కళ్లు నా ముఖం మీద లేవు, నా చేతుల మీద ఉన్నాయి.

"నా వెనక రాకు," అంది.

సెలెక్షన్ జరిగిన ఆ ఆదివారమంతా నేను ఎన్నిటికి భయపడ్డానో లెక్కలేదు. చెయ్యి పోతుందని, సార్‌కి తెలుస్తుందని, నలుగురిలో నవ్వులపాలవుతానని. నన్ను చూసి ఒక మనిషి ఇలా భయపడుతుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

"వంటింట్ల అమ్మ నా వెనకంగ పోయినా గిట్లనే అయితది," అంది కొంచెం తేరుకుని, క్షమించమన్నట్టు. "బస్సుల గూడ గంతే. నువ్వు ముందు నడువు."

పక్కకి జరిగి నాకు దారిచ్చింది. నేను చేతులు రెండూ కనిపించేలా పెట్టుకుని తన ముందునుంచి గుమ్మం దాటాను. బస్టాపు దాకా ముందు నేనే నడిచాను. నాలుగడుగుల దూరంలో రాణి వెనక వస్తూ ఉంది.